కౌజుపిట్టకు కాపలా: వేట నిబంధనలపై ఒక విమర్శ

పక్షుల వేటను గురించిన ఏ నిబంధనమైనను మూడు ప్రశ్నలకు సమాధానము చెప్పవలెను. ఏ పక్షిని వేటాడవచ్చును? ఎప్పుడు వేటాడవచ్చును? ఎన్నింటిని వేటాడవచ్చును? మొదటి ప్రశ్నకు జాతులను గుర్తించు విద్య కావలెను. రెండవ దానికి పక్షి ఏ కాలమున గుడ్లు పెట్టునో తెలియవలెను. మూడవ దానికి వాటి సంఖ్య తెలియవలెను. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లోపించినను, చట్టము కాగితముపై ఎంత కఠినముగా నున్నను, పొలములోని పక్షికి దానివలన కలుగు మేలు స్వల్పము. మన దేశములో 1887 నుండి 2022 వరకు వచ్చిన పక్షిరక్షణ చట్టములను ఈ కొలతతో కొలిచి చూచుట అవసరము. అందుకు గుంటూరు, ప్రకాశం ప్రాంతపు నల్లరేగడి నేలలు, అందలి పత్తి, మిరప చేలు తగిన పరీక్షాస్థలము. ఏలయన, ఇక్కడి వేటపక్షులు అడవిలో గాక రైతు గట్టుమీదనే బ్రతుకుచున్నవి.

గట్టుమీది పక్షులు

ఈ మెట్టచేలలో అందరికిని తెలిసిన వేటపక్షి కౌజు. తెల్లవారుజామున తుమ్మపొదల నుండి ఇది పదేపదే పెట్టు బిగ్గరకూత దూరమునకు వినవచ్చును. దీని శాస్త్రీయ నామములోని 'పాండిసెరియానస్' అను మాట పుదుచ్చేరి పేరునుండి వచ్చినది. అనగా శాస్త్రజ్ఞులు దీనిని మొదట మన తూర్పుతీరపు పక్షిగానే ఎరిగిరి. ఇది గడ్డిగింజలు, రాలిన ధాన్యము, చెదలు, పురుగులు తినును. గట్టుపైగాని, పొదక్రిందగాని నేలను కొద్దిగా గీరి ఆరు మొదలు ఎనిమిది వరకు గుడ్లు పెట్టును. రాత్రివేళ ముళ్లచెట్లపై నిదురించును.

రెండవది పూరేడు. పల్లెలలో ఈ ఒక్క పేరు క్రింద కనీసము మూడు వేర్వేరు పక్షులు చెల్లుచున్నవి. ఒకటి వానపూరేడు, దీని శాస్త్రీయ నామములో మన కోరమాండల్ తీరము పేరే ఉన్నది. ఇది ఈ దేశములోనే వానకాలములో పిల్లలను చేయును. రెండవది వలసపూరేడు, ఇది శీతకాలమునకు ముందు ఉత్తర, పశ్చిమ దేశముల నుండి వచ్చి, వేసవి మొదలగునప్పటికి తిరిగి పోవును. మూడవది మూడువ్రేళ్ల పూరేడు. చూపునకు పూరేడువలె నున్నను ఇది ఆ కుటుంబమునకు చెందినది కాదు. వెనుకవ్రేలు లేని ఈ పక్షి ఉల్లంకిపిట్టల వరుసకు దగ్గరి చుట్టము.

ఒకే చేలో, ఒకే పేరుతో, మూడు జీవనక్రమములు! చట్టమునకు ఎదురైన మొదటి చిక్కు ఇదియే.

దొరల కాలపు చట్టములు

1887 నాటి అడవిపక్షుల రక్షణ చట్టము పక్షిని పొలములో కాపాడలేదు. అంగడిలో కాపాడ జూచినది. గుడ్లుపెట్టు కాలములో క్రొత్తగా చంపిన పక్షిని మునిసిపాలిటీలలోను, కంటోన్మెంట్లలోను దగ్గర ఉంచుకొనుటను, అమ్ముటను నిషేధించుటకు స్థానిక ప్రభుత్వములకు అధికార మిచ్చినది. ఊరిబయట జరుగు వేట దాని చూపులో లేదు.

1912 నాటి చట్టము ఒక అడుగు ముందునకు వేసినది. కౌజులు, పూరేళ్లు, బాతులు, నెమళ్లు, బట్టమేకపిట్టలు, పావురములు, కొంగలు, పాలపిట్టలు, లకుముకిపిట్టలు మొదలగువాటిని ఒక పట్టికలో చేర్చినది. ఏ పక్షికైనను సంవత్సరమంతయు గాని, అందు కొంతభాగమును గాని 'మూసిన కాలము'గా ప్రకటించు అధికారమును స్థానిక ప్రభుత్వములకు ఇచ్చినది. తప్పుచేసినవానికి మొదటిసారి యాభై రూపాయలకు మించని జరిమానా. శాస్త్రదృష్టితో చూచినచో ఈ చట్టములోని మూలభావము సరియైనదే: తల్లి గూటిపై నున్నప్పుడు తుపాకి దించవలెను. ఒక్కొక్క ప్రాంతమునకు ఒక్కొక్క గడువు పెట్టుకొను వెసులుబాటు కూడ మెచ్చదగినదే.

కాని లోపము వెంటనే కనిపించును. కౌజు ముఖ్యముగా ఏప్రిల్ నుండి సెప్టెంబరు వరకు గుడ్లు పెట్టినను, తక్కిన నెలలలోను దాని గూళ్లు దొరకును. వానపూరేటికి వానలే ముహూర్తము. మూడువ్రేళ్ల పూరేడు అనుకూలమైనచోట ఏడాది పొడుగునను పిల్లలను చేయును. వలసపూరేడు ఇక్కడ ఉండు కాలములో సాధారణముగా గూడు పెట్టదు గనుక 'మూసిన కాలము' దానికి రక్షణయే కాదు; దాని బ్రతుకునకు అపాయమంతయు వేటకు తలుపు తెరచిన శీతకాలములోనే. ఇంగ్లాండువంటి చలిదేశములో పక్షులన్నియు ఇంచుమించు ఒకే వసంతములో గూళ్లు కట్టును. ఆ దేశపు క్యాలెండరును మన మెట్టచేలకు తెచ్చి అతికించినచో అది ఇక్కడి ఋతువులకు పొసగదు.

లైసెన్సుల కాలము

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చినది. ఇట్టి చట్టమును చేయవలసినదిగా పార్లమెంటును కోరుచు తీర్మానించిన పదకొండు రాష్ట్రముల శాసనసభలలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఒకటి. ఈ చట్టము వేటను నాలుగు రకముల లైసెన్సులుగా విభజించినది: ప్రత్యేక వేట, పెద్ద వేట, చిన్న వేట, బ్రతికియుండగా పట్టుకొనుట. కౌజు, పూరేడు వంటివి చిన్నవేట క్రిందికి వచ్చినవి. వాహనము నుండి కాల్చరాదు. భూమి యజమాని అనుమతి లేనిదే అతని పొలములో వేటాడరాదు. వేటకుక్కలను నీటిపక్షులు, కౌజులు, పూరేళ్లవంటి కొన్నింటికే వాడవలెను. చంపినవాటికి లెక్క వ్రాయవలెను. ఈ నిబంధనలలో పెక్కు వివేకము గలవి.

అయితే అందులోని పదునైదవ సెక్షన్ను శాస్త్రవిద్యార్థి నిదానముగా చదువవలెను. ప్రత్యేకానుమతి లేనిదే పిల్లలను, ఆడజంతువులను వేటాడరాదని అది చెప్పినది. జింకవిషయములో ఇది సులభము; కొమ్ములను బట్టి మగదానిని గుర్తించవచ్చును. కౌజులో ఆడ, మగ చూపునకు ఒకే తీరుగా నుండును. మగదాని కాలిముల్లు తప్ప స్పష్టమైన భేదము లేదు. గుప్పున లేచి రెప్పపాటులో ఎగిరిపోవు పిట్ట కాలిముల్లును చూచి తుపాకి పేల్చు వేటగాడు ఎక్కడను ఉండడు.

మూడువ్రేళ్ల పూరేటి విషయములో ఈ నిబంధనము పూర్తిగా తలక్రిందులైనది. ఆ జాతిలో ఆడపక్షియే పెద్దది, రంగు గలది, కూతపెట్టి మగవానిని పిలుచునది. గుడ్లుపెట్టి అది మరియొక మగపక్షిని వెదకుకొనుచు పోవును. ఇంచుమించు పన్నెండు దినములు గుడ్లను పొదుగునది, పిల్లలను వెంట త్రిప్పునది మగపక్షి. తల్లిని కాపాడ దలచిన చట్టము ఇక్కడ తల్లిపని చేయు తండ్రిని తుపాకికి అప్పగించినది. చట్టము చేసినవారి ఉద్దేశములో దోషము లేదు. జంతువులన్నియు జింకవంటివే యనుకొనుటలో దోషమున్నది.

ఇక మూడవ ప్రశ్న: ఎన్ని? లైసెన్సు ఇచ్చుటకు ముందు పొలములో ఎన్ని పక్షులున్నవో లెక్క చూడవలెనను నియమము మన పద్ధతికి పునాదిగా లేదు. అమెరికాలో 1918లోనే వలసపక్షుల చట్టము వచ్చినది. 1934 నుండి బాతులవేటగాడు ప్రత్యేకమైన స్టాంపు కొనవలెను. ఆ సొమ్ము చిత్తడినేలల రక్షణకు పోవును. 1955 నుండి ప్రతియేట విమానములపై తిరిగి బాతుల సంఖ్యను అంచనా వేయుచున్నారు. ఆ సంఖ్యను బట్టి వేటదినములను, తలకు ఇన్ని యను పరిమితిని నిర్ణయించుచున్నారు. అక్కడ లైసెన్సు లెక్కపై నిలిచినది. లెక్కలేని లైసెన్సు, పాసుపుస్తకము చూడకుండ సొమ్ము తీయుటకు ఇచ్చిన అనుమతివంటిది.

నిషేధము: అది చూచినది, చూడనిది

1991 సవరణతో వేటలైసెన్సుల అధ్యాయము ముగిసినది. మనుష్యులకు, పంటకు అపాయము కలిగినప్పుడు అధికారి ఇచ్చు అనుమతి, విద్య, పరిశోధనలకు ఇచ్చు అనుమతి తప్ప పట్టికలలోని జంతువుల వేట అంతయు నిషిద్ధమైనది. 2022 సవరణ 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చి, ఆరు పట్టికలను నాలుగుగా కుదించినది. సాధారణ నేరములకు జరిమానా పరిమితిని ఇరువదియైదువేల నుండి లక్ష రూపాయలకు పెంచినది.

లెక్క తెలియనప్పుడు చేయి ఆపుట శాస్త్రసమ్మతమే. ఆ దృష్టితో 1991 నిషేధము, దానికి ముందున్న లైసెన్సు పద్ధతికంటె నిజాయితీ గలది. వేటకాలమును మరల తెరవవలెననువారు అమెరికా స్టాంపును చూపుదురు గాని, ఆ స్టాంపు వెనుకనున్న ఏటేటి గణనను చూపరు. గణన లేకుండ వేటకాలమును తెరచుట పాత తప్పును మరల చేయుటయే.

అట్లని నిషేధముతో పని పూర్తియైనదని తలచరాదు. చట్టము తుపాకిని, వలను, ఉచ్చును చూచినది. ఈ మెట్టలో కౌజు బ్రతుకును నిర్ణయించునవి అవి మాత్రమే కావు. జూలై, ఆగస్టులలో పత్తి విత్తుదురు; ఆ తరువాత మిరప నాటుదురు. కౌజు, వానపూరేటి పిల్లలు నేలపై తిరుగు వానకాలములోనే మందుల పిచికారి సాగును. 1987-88లో తెల్లదోమ, కాయతొలుచు పురుగు పత్తిరైతును నిలువున ముంచినప్పుడు, 2021-22లో నల్ల తామరపురుగు మిరపను తినివేసినప్పుడు పిచికారులు ఎంతగా పెరిగినవో ఈ ప్రాంతపు రైతులకు వేరుగ చెప్పనక్కరలేదు. రైతును ఇందుకు నిందించుట అన్యాయము. అప్పుచేసి పెట్టిన పంటను కాపాడుకొనక అతనికి గతిలేదు. కాని పురుగు చచ్చినచోట పిట్టపిల్లకు ఆహారము కూడ పోవును.

ఇది ఊహ కాదు. ఇంగ్లాండులోని ససెక్స్ పొలములలో పాట్స్ అను శాస్త్రజ్ఞుడు 1968 నుండి అక్కడి బూడిదరంగు కౌజును పరిశీలించెను. కలుపుమందులు, పురుగుమందులు వాడినచోట పిల్లలకు మొదటి రెండు మూడు వారములలో కావలసిన పురుగులు కరువై, అవి ఎదుగకముందే చనిపోవుచున్నవని తేలినది. చేను అంచున ఆరు మీటర్ల మేర మందుల వాడకమును తగ్గించి విడిచినచో పిల్లలు బ్రతుకుట మెరుగైనది. ఆ పక్షి వేరుజాతిది, ఆ పంట వేరు. కాని పిల్లలకు పురుగులు కావలెనను ధర్మము రెండింటికిని సమానమే.

నేటి చట్టము ప్రకారము పక్షి గుడ్లను పాడుచేయుట, గూటిని కదలించుట కూడ వేటయే. గట్టుపై ఆరుగుడ్లు తీసిన పిల్లవాడు చట్టముకంట పడును. ఆ గట్టునంతయు ఒక్కపూటలో చదునుచేసిన ట్రాక్టరు ఎవరికంటను పడదు.

ఎవరిపై భారము?

లైసెన్సుల కాలములో తుపాకి, రుసుము గలవాడు వేటగాడుగా చెలామణియైనాడు. వలపన్ని, పెంపుడు కౌజు కూతతో అడవికౌజును రప్పించి పట్టు పేదకులములవారికి అది వినోదము కాదు, కూడు. నిషేధము తుపాకివానికి ఒక సరదాను దూరము చేసినది. వలవానికి వృత్తినే దూరము చేసినది. ప్రత్యామ్నాయము చూపకుండ లక్షరూపాయల జరిమానాను చూపుట పక్షికిని మేలు చేయదు. వారికున్న జ్ఞానము తక్కువది కాదు. 1900 తరువాత ఎవరికిని కనిపించక, అంతరించినదని తలచిన కలివికోడి 1986 జనవరిలో కడపజిల్లా రెడ్డిపల్లివద్ద బయటపడుటకు తోడ్పడినవాడు స్థానికుడైన ఒక పిట్టలవేటగాడే.

పేరుచిక్కు ఇంకొకటి కలదు. నేడు బజారులో కౌజుపిట్టలని అమ్మునవి సాధారణముగా ఫారములలో పెంచిన జపాన్ పూరేళ్లు. 2011లో కేంద్రప్రభుత్వము ఈ పెంపుడు పక్షిని కూడ వన్యప్రాణి చట్టపు పరిధిలోనిదిగా భావించి క్రొత్త ఫారములను అడ్డగించి, పెంపకందార్లు మొరపెట్టిన తరువాత సడలించినది. పెంపుడుపక్షికిని అడవిపక్షికిని భేదము చట్టమునకే సందేహమైనప్పుడు, సంతలో నిలుచున్న ఉద్యోగి పరిస్థితి ఏమని చెప్పవలెను?

చేయదగినది

కౌజు నేడు ప్రపంచస్థాయిలో ఆపదలో నున్న జాతి కాదు. ఇదియే తగిన సమయము. సమృద్ధిగా నున్నప్పుడు లెక్కించని పక్షి తగ్గిపోయినప్పుడు ఎంత తగ్గినదో తెలియదు. కౌజును లెక్కించుటకు విమానములు అక్కరలేదు. తెల్లవారుజామున నిర్ణీతస్థలములలో కొన్ని నిమిషములు నిలిచి కూతలను లెక్కించినచాలును. గుంటూరు ప్రక్కనున్న లాం వ్యవసాయ విశ్వవిద్యాలయము, బాపట్ల వ్యవసాయ కళాశాల, ఊరూరనున్న డిగ్రీ కళాశాలలు ఏటేట ఒకే వారములో ఈ పని చేయవచ్చును. కూతను బట్టి జాతిని చెప్పగల పిట్టలవారికి కూలియిచ్చి ఈ గణనలో చేర్చుకొన్నచో వారి విద్యకు గౌరవము, ఇంటికి గింజలు దక్కును. చేను అంచున ఒక వరుసకు మందు తగ్గించి, ఒక గట్టును గడ్డితో విడిచిన రైతుకు ప్రభుత్వము నష్టము పూరించవలెను. ఆ గట్టుపై పెరిగిన కౌజులు చెదలను, పురుగులను తిని రైతు ఋణమును కొంత తీర్చును.

నూట ముప్పది ఏండ్లకు పైగా మన చట్టములు వేటగానిని ఎప్పుడు ఆపవలెనను ప్రశ్నను తర్కించి, చివరకు ఎల్లప్పుడును ఆపవలెనని తేల్చినవి. ఆ తీర్పు నిలువవలసినదే. కాని ఏ పక్షి, ఎన్ని, ఎక్కడ అను ప్రశ్నలకు చట్టములు ఇంకను బదులు చెప్పలేదు. ఆ బదులు తెల్లవారుజామున గట్టుమీద నిలిచి చెవియొగ్గినవారికే దొరకును.