పురస్కారములు – పంక్తిభేదము

స్వలింగప్రేమికులును హిజ్రాలును వ్రాసిన గ్రంథములకు ప్రత్యేక పురస్కారము లేల యని యడుగువారు మనలో పెక్కురు కలరు. అమెరికాలో ఈ ప్రశ్న పాతబడినది. అచ్చటి గ్రంథాలయసంఘమునకు చెందిన యొక చిన్న బృందము 1971లోనే యిట్టి పురస్కారమును నెలకొల్పినది. నేడది స్టోన్‌వాల్ పురస్కార మనబడుచున్నది. 1989లో లాంబ్డా పురస్కారములు వెలసినవి. శ్రీలంకలో జన్మించిన శ్యామ్ సెల్వదురై రచించిన 'ఫన్నీ బాయ్' నవలకు లాంబ్డా పురస్కారము లభించుటచేత ఆ పేరు మన ప్రాంతపు చదువరులకును కొంత పరిచితమైనది.

ఆక్షేపించువారి వాదము సులభమైనది. సారస్వతమునకు కులము లేదు, లింగము లేదు; అందరి విస్తళ్లును ఒక్క పంక్తిలోనే వేయవలెను; వేరు పంక్తి వేయుట పంక్తిభేదమే యగునని వారందురు. మాట వినుటకు ఇంపుగానే యున్నది. కాని విందునకు పిలుపే అందనివారితో మాయింట పంక్తిభేదము లేదని చెప్పుట యేపాటి యౌదార్యము? పిలుపు అందినదా లేదా యనుటకు మన భాషలోని యుదాహరణమునే పరిశీలింతము.

2019 సంవత్సరపు కేంద్ర సాహిత్య అకాదెమీ అనువాద పురస్కారము తెలుగున 'ఒక హిజ్రా ఆత్మకథ'కు లభించినది. అనువదించినవారు పి. సత్యవతిగారు, ప్రకటించినవారు హైదరాబాదు బుక్ ట్రస్టువారు. ఆత్మకథ తమిళనాటి ఎ. రేవతిగారిది. ఆమె తమిళమున వ్రాసినది వి. గీతగారి ఇంగ్లీషు అనువాదముగా 2010లో వెలువడినది. ఆ ఇంగ్లీషునుండి తెలుగైనది. పొరుగింటి మాట మనకు సీమ చుట్టి వచ్చినట్లున్నది. ఐనను రాకపోవుటకంటె అదియే మేలు.

ఈ గ్రంథము జాలిని యాచింపదు. తన్ను కొట్టిన అన్నలను, హింసించిన పోలీసులను రేవతిగారు ఎట్లు వర్ణించిరో, తాము చేరిన హిజ్రా కుటుంబములలోని గురువుల కట్టుబాట్లను గూడ అట్లే వర్ణించిరి. తమ కోరికను దాచలేదు, కోపమును దాచలేదు. దుఃఖము గొప్పదైనంతమాత్రమున గ్రంథము గొప్పది కాదు. ఆ దుఃఖమును చూచిన కన్ను నిష్పక్షపాతమైనప్పుడే అది గ్రంథమగును. సత్యవతిగారు ఇల్లలుకుచు తన పేరు తానే మరచిన యిల్లాలిని గూర్చి 'ఇల్లలకగానే' యను కథ వ్రాసినవారు. పుట్టినప్పుడు పెట్టిన పేరు విడిచి రేవతి యైన వ్యక్తి చరిత్ర వారి చేతనే తెలుగగుట మిక్కిలి యుచితముగా నున్నది.

ఈ పేరు సంగతి చిన్నది కాదు. మా సికింద్రాబాదు రైలుస్టేషనులో హిజ్రాలను నిత్యము చూచువారమే కాని, వారిలో ఒక్కరి పేరైనను ఎరిగినవారము అరుదు. ప్రభుత్వము మాత్రము ఎరుగగోరినది. నైజాము ప్రభుత్వము 1329 ఫసలీలో, అనగా 1919లో, చేసిన చట్టము హిజ్రాల పేర్లకు ఒక రిజిస్టరు నేర్పరచినది. అందు పేరెక్కినవారు స్త్రీవేషముతో వీధిలో కనబడినను, ఆడి పాడినను వారంటు లేకయే పట్టుకొనవచ్చును. రెండేండ్లవరకు ఖైదు విధింపవచ్చును. నైజాము పోయినను, రాష్ట్రములు మారినను, ఆ చట్టము శాసనగ్రంథములలో నిలిచియే యుండెను. తెలంగాణ హైకోర్టు 2023లో గాని దానిని కొట్టివేయలేదు.

పోలీసు రిజిస్టరున పేరెక్కినవారికి తమ పేరుపై అధికారము లేదు. పుస్తకపు ముఖపత్రమున పేరు వేసికొన్నవారికి కలదు. పురస్కారము ఈ రెండవ అధికారమును బలపరుపవలెను. ఇచ్చటనే మేము నిర్వాహకులను హెచ్చరింపగోరుచున్నాము. పురస్కార మనగా సభ, శాలువ, ఛాయాపటము, మరునాటి పత్రికలో పేరు. హైదరాబాదు విశ్వవిద్యాలయమున బోధించిన హోషంగ్ మర్చంటుగారు 1999లో 'యారానా' యను ఇంగ్లీషు సంకలనమును తమ పేరనే ప్రకటించిరి. స్వలింగప్రేమ నాటికి నేరమే. అట్టి ధైర్యము, అట్టి యుద్యోగము అందరికిని ఉండవు. సుప్రీంకోర్టు 2018లో ఆ నేరమును తొలగించినది గాని, ఇంటి పెద్దల తీర్పును తొలగింపలేదు. చిన్న పట్టణమున తలిదండ్రుల నీడన బ్రతుకు యువతి స్త్రీప్రేమను గూర్చి చక్కని కథ వ్రాసినదనుకొందము. ఆమెను సభకెక్కించి పేరు చాటుట సత్కారమగునో, ఇల్లు వెడలగొట్టించుట యగునో యోచింపవలదా? కావున మారుపేరుతో వచ్చిన గ్రంథమును సమానముగా స్వీకరింపవలెను. కర్త కోరినచో ప్రకాశకుడే పురస్కారమును అందుకొనునట్లు నియమముండవలెను.

మరి అకాదెమీ పురస్కారము చాలదా? యాబదివేల రూపాయలును తామ్రఫలకమును అనువాదకురాలికి చెందుట న్యాయమే. కాని ఆ బ్రతుకు బ్రతికి, వ్రాసినవారికి ఆ పురస్కారపు నిబంధనలలో తావు లేదు. అకాదెమీవారు 2018లో కలకత్తాలో ట్రాన్స్‌జెండర్ కవుల సమావేశము జరిపిరి. అది మంచి పని. ఐనను పిలిచి పద్యము వినుట వేరు, గ్రంథమును చదివి తూచుట వేరు. తెలుగుననే పుట్టిన రచనలను అట్లు తూచుటకు ఒక వేదిక కావలెను. తూచువారిలో ఆ జీవితము నెరిగిన సాహిత్యజ్ఞు లుండవలెను. లేనిచో పురస్కారము జాలికి దక్కును గాని రచనకు దక్కదు.

వేరు పంక్తి శాశ్వతముగా నుండవలెనని మేము కోరము. సాధారణ పురస్కారములకు గ్రంథముల నెంచువారు ఈ రచనలను గూడ తక్కినవానితోపాటు బల్లపై నుంచి, నచ్చినచో మెచ్చి, నచ్చనిచో కారణము చెప్పి త్రోసివేయు దినము వచ్చినప్పుడు ప్రత్యేక పురస్కారమును ఎత్తివేయవచ్చును. అంతవరకు దానిని పంక్తిభేదమని నిందించువారు, తమ పంక్తిలో ఎన్ని విస్తళ్లు వీరికై వేసిరో ముందుగా లెక్క చెప్పవలెను.