పాతిక లక్షల ఆత్మరక్షణలు

అమెరికాలో తుపాకుల నియంత్రణపై వాదం సాగినప్పుడల్లా ఒక సంఖ్య వినిపిస్తుంది: పౌరులు ఏటా 25 లక్షల సార్లు తుపాకితో ఆత్మరక్షణ చేసుకుంటున్నారని. నేరశాస్త్రజ్ఞులు గ్యారీ క్లెక్, మార్క్ గెర్ట్జ్ 1995లో ప్రచురించిన పరిశోధన దీనికి ఆధారం. మూడు దశాబ్దాలుగా చెలామణిలో ఉన్న ఈ సంఖ్య ఎలా పుట్టిందో పరిశీలించడం అవసరం.

వారు టెలిఫోనులో దాదాపు 5,000 మంది వయోజనులను ప్రశ్నించారు. గడిచిన ఏడాదిలో ఆత్మరక్షణకు తుపాకి వాడామన్నవారు నూటికి 1.3 మంది. ఆ నిష్పత్తిని దేశంలోని సుమారు 19 కోట్ల వయోజనులకు వర్తింపజేస్తే 25 లక్షలు వచ్చింది. గుణకారంలో తప్పు లేదు. చిక్కంతా ఆ 1.3లోనే ఉంది.

వైద్యులకు ఈ చిక్కు బాగా పరిచయం. వెయ్యిమందిలో ముగ్గురికి మాత్రమే ఉన్న జబ్బు కోసం అందరికీ పరీక్ష చేశామనుకుందాం. మిగిలిన 997 మందిలో నూటికి ఒకరి విషయంలో పరీక్ష పొరబడినా, పదిమందికి లేని జబ్బును అంటగడుతుంది. మొత్తం పదముగ్గురు, అంటే నూటికి 1.3. నిజమైన రోగులు ముగ్గురే. సర్వేలో కూడా ఎప్పటిదో సంఘటనను ఈ ఏడాదిదిగా చెప్పేవారు, తగాదాలో తుపాకి చూపి దాన్ని ఆత్మరక్షణగా భావించేవారు, గొప్పకు చెప్పేవారు నూటికి ఒక్కరున్నా లెక్క తలకిందులవుతుంది. నిజం దాచేవారూ ఉంటారని క్లెక్ వాదన. కానీ ఆ ముగ్గురూ దాచినా తగ్గేది మూడే. లేనిది చెప్పే అవకాశం 997 మందికి ఉంది.

హార్వర్డ్ ఆచార్యుడు డేవిడ్ హెమెన్‌వే 1997లో ఈ దోషాన్ని విశదీకరించారు. సర్వే ప్రకారం ఆత్మరక్షకుల తూటాలు తగిలిన దుండగులే ఏటా రెండు లక్షలు దాటుతారు. తుపాకి గాయాలతో ఆసుపత్రుల అత్యవసర విభాగాలకు వచ్చేవారందరినీ కలిపినా ఆనాటి లెక్క సుమారు లక్ష.

అవతలి పక్షం సంఖ్యలకూ ఇదే పరీక్ష పెట్టాలి. తుపాకి ఉన్న ఇంట్లో హత్య జరిగే అవకాశం 2.7 రెట్లని ఆర్థర్ కెల్లర్మన్ బృందం 1993లో ప్రకటించింది. అయితే ముప్పు ఉన్నవారే తుపాకి కొని ఉండవచ్చు. హత్యకు వాడింది ఆ ఇంటి తుపాకేనని ఆ అధ్యయనం నిరూపించలేదు. లోపాలను సరిదిద్దే పరిశోధనలు వెంటనే రావలసింది. కానీ 1996లో కాంగ్రెస్ డికీ సవరణతో ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ చేతులు కట్టేసింది. ఈ పరిశోధనకు మళ్ళీ ప్రత్యేకంగా నిధులు కేటాయించింది 2019 చివర్లోనే.

ఈ రెండు వాదాల మధ్య మరుగున పడింది ఆత్మహత్య. 2021లో తుపాకి మరణాలు 48,830. వాటిలో 26,328 ఆత్మహత్యలు. కాలిఫోర్నియాలో 2.6 కోట్ల మందిని పన్నెండేళ్ళపాటు గమనించిన 2020 నాటి అధ్యయనంలో, చేతితుపాకి కలిగిన పురుషులు తుపాకితో ఆత్మహత్య చేసుకునే రేటు ఇతర పురుషులకంటే ఎనిమిది రెట్లు, స్త్రీలలో ముప్పై అయిదు రెట్లు. చావదలచినవారే తుపాకి కొన్నారనడానికీ వీల్లేదు: సగానికి పైగా మరణాలు కొన్న ఏడాది తరువాతే సంభవించాయి. తుపాకి ప్రయోగిస్తే పదిమందిలో తొమ్మండుగురు మరణిస్తారు. ఇతర మార్గాల్లో చాలామంది బతికి బయటపడతారు. అలా బతికినవారిలో అత్యధికులు తరువాత ఆత్మహత్యతో మరణించరు. క్షణికావేశం దాటడానికి కావలసిన వ్యవధిని తుపాకి ఇవ్వదు.

ఇంట్లో ఆత్మరక్షణకు తుపాకి ఉంచుకోవడం రాజ్యాంగ హక్కని సుప్రీంకోర్టు 2008లో హెల్లర్ కేసులో తీర్పు చెప్పింది. హక్కు ఉన్నదా అన్నది న్యాయశాస్త్ర ప్రశ్న. దానివల్ల ఇల్లు క్షేమమా అన్నది ఆరోగ్యశాస్త్ర ప్రశ్న. మొదటిదానికి జవాబు దొరికినంత మాత్రాన రెండవది తేలిపోదు. బంగారం కోసం దొంగలు పడతారన్న భయంతో తుపాకి కొనాలనుకునే తెలుగు కుటుంబాలు, బయటి దొంగతోపాటు ఇంట్లో దిగులుతో తలుపు మూసుకునే పదిహేనేళ్ళ పిల్లవాణ్ణి కూడా లెక్కలో వేసుకోవాలి. కొనక తప్పదనుకుంటే తుపాకిని, తూటాలను వేరువేరుగా తాళంవేసి ఉంచడం కనీస ధర్మం.