వారికా, మనకా? — ‘వార్ రెక్వియమ్’ గురించి

తెలుగు బైబిలులో విశ్వాసం, ప్రేమ అనే మాటల సరసన నిలిచిన మూడవ మాట ‘నిరీక్షణ’. ఆశ అని దాని భావమే అయినా, తెలుగు చెవికి అందులో ఎదురుచూపు కూడా వినిపిస్తుంది. ఎక్కడో దూరాన యుద్ధం జరుగుతున్నప్పుడు ఈ మాటను ఎలా పలకాలి? 2022లో రష్యా సేనలు యుక్రెయిన్ మీదికి దండెత్తినప్పుడూ, 2023లో గాజాలో యుద్ధం మొదలైనప్పుడూ ఇక్కడి చర్చిలలో ‘వారికి శాంతి కలుగుగాక’ అని ప్రార్థనలు జరిగాయి. మంచి ప్రార్థనే. కాని క్షేమంగా ఉన్న చోట చేసే ప్రార్థన చాలా తేలికగా ‘ఆమెన్’ దాకా చేరుకుంటుంది. ఈ చిక్కును తప్పించుకోకుండా ఎదుర్కొన్న సంగీత కృతి ఒకటి ఈ ఇంగ్లండులోనే, కవెంట్రీ నగరంలో మొదటిసారి వినిపించింది. అది బెంజమిన్ బ్రిట్టెన్ కూర్చిన ‘వార్ రెక్వియమ్’. అంటే యుద్ధమృతుల కొరకు చేసే శాంతి ప్రార్థన. దానిని గురించి మాకు తోచిన నాలుగు మాటలు పాఠక మిత్రుల ముందు ఉంచుతున్నాము.

ముందు ఆ ఊరి కథ చెప్పుకోవాలి. 1940 నవంబరు 14 రాత్రి జర్మన్ విమానాలు కవెంట్రీ మీద బాంబులు కురిపించాయి. ఐదువందల మందికి పైగా మరణించారు. సెయింట్ మైకేల్ కెథీడ్రల్‌కు బయటి గోడలు, శిఖరం మాత్రం మిగిలాయి. ఆ కెథీడ్రల్ పెద్ద రిచర్డ్ హవర్డ్ అదే సంవత్సరం క్రిస్మస్ నాడు శిథిలాల నుంచి బి.బి.సి. రేడియోలో మాట్లాడుతూ, పగ తీర్చుకోవాలనే తలంపు విడిచిపెట్టాలని కోరాడు. తరువాత పాత బలిపీఠం వెనుక గోడ మీద ‘తండ్రీ, క్షమించు’ అనే భావం వచ్చే రెండు ఇంగ్లీషు మాటలు చెక్కించాడు. సువార్తలో ‘వీరిని’ అనే మాట కూడా ఉన్నది. హవర్డ్ దానిని కావాలనే వదిలివేశాడు. బాంబులు వేసినవారికే కాదు, అందరికీ క్షమాపణ కావలసిందే అని అతని ఉద్దేశం.

శిథిలాలను అలాగే ఉంచి, వాటి ప్రక్కనే బేసిల్ స్పెన్స్ కొత్త ఆలయం నిర్మించాడు. 1962 మే 25న దానిని ప్రతిష్ఠించారు. మే 30న అందులో ‘వార్ రెక్వియమ్’ మొదటిసారి పాడారు. బ్రిట్టెన్ యుద్ధాన్ని వ్యతిరేకించి సైన్యంలో చేరడానికి నిరాకరించినవాడు. 1945లో యెహూదీ మెనూహిన్‌తో కలిసి బెల్సెన్ శిబిరంలో బ్రతికి బయటపడినవారి ఎదుట సంగీతం వినిపించినవాడు. తన కృతిని ఒక ఆంగ్లేయుడు, ఒక జర్మన్, ఒక రష్యన్ గాయని కలిసి పాడాలని కోరుకున్నాడు. పీటర్ పియర్స్ వచ్చాడు. యుద్ధంలో జర్మన్ సైనికుడై, ఖైదీగా చిక్కిన డీట్రిష్ ఫిషర్‌డిస్కౌ వచ్చాడు. గలీనా విష్నేవ్‌స్కాయాను మాత్రం సోవియట్ ప్రభుత్వం పంపలేదు. ఆమె స్థానంలో హెదర్ హార్పర్ పాడింది. 1963 జనవరిలో లండన్‌లో రికార్డు చేసినప్పుడు గాని ఆ ముగ్గురూ కలవలేకపోయారు. సమాధానం కోసం కట్టిన గుడిలో పాటకు కూడా సరిహద్దులు అడ్డు వచ్చాయన్నమాట.

కృతి నిర్మాణం తెలిస్తే వినడం సులభం. పెద్ద బృందగానము, పెద్ద వాద్యబృందము, ఒక స్త్రీ కంఠము కలిసి లాటిన్ ప్రార్థన పాడతారు. ఇద్దరు పురుషులు చిన్న వాద్యబృందంతో విల్‌ఫ్రెడ్ ఓవెన్ ఇంగ్లీషు కవితలు పాడతారు. వీరందరికీ దూరంగా బాలుర బృందం ఆర్గన్‌తో పాడుతుంది. ఓవెన్ మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికాధికారి. అంతకు ముందు 1911 నుంచి 1913 వరకు ఒక పల్లెటూరి చర్చిలో గురువుకు సహాయకుడిగా ఉండి, మనసు విరిగి బయటకు వచ్చినవాడు. 1918 నవంబరు 4న, యుద్ధం ఆగడానికి సరిగ్గా వారం ముందు, 25వ ఏట మరణించాడు. మనవారికి ఆసక్తి కలిగించే సంగతి మరొకటి ఉన్నది. అతని తల్లి 1920లో రవీంద్రనాథ్ ఠాగూరుకు ఉత్తరం వ్రాసింది. తన కొడుకు చివరిసారి ఇల్లు విడిచేటప్పుడు గీతాంజలిలోని మాటలతోనే సెలవు తీసుకున్నాడనీ, తిరిగివచ్చిన అతని జేబు పుస్తకంలో ఆ మాటలే అతని చేవ్రాతతో ఉన్నాయనీ తెలిపింది.

బ్రిట్టెన్ ఈ కవితలను ప్రార్థన మధ్యలో అలంకారానికి పెట్టలేదు. ప్రార్థనకు ఎదురు ప్రశ్నలుగా పెట్టాడు. మూడవ భాగంలో బృందగానం అబ్రాహాముకు, అతని సంతానానికి దేవుడిచ్చిన వాగ్దానాన్ని ఉత్సాహంగా పాడుతుంది. వెంటనే ఓవెన్ కవిత. అందులో దేవదూత వారించినా ముసలివాడు వినడు. కొడుకునూ, ఐరోపా సంతానంలో సగాన్నీ బలి ఇస్తాడు. దాని తరువాత బృందం అదే వాగ్దానాన్ని మళ్ళీ పాడుతుంది, కాని ఈసారి గొంతు తగ్గించి. వాగ్దానం అబద్ధమని బ్రిట్టెన్ అనడం లేదు. దానిని ఇక గొంతెత్తి పాడే హక్కు మనకు ఉన్నదా అని అడుగుతున్నాడు.

ఐదవ భాగం మా దృష్టిలో కృతికి హృదయం. ఓవెన్ ఇక్కడ ఫ్రాన్సులో దారి ప్రక్కన ఉన్న సిలువ విగ్రహాన్ని చూపిస్తాడు. ఫిరంగి దెబ్బకు దాని అవయవం ఒకటి పోయింది. శిష్యులు దాగుకొన్నారు, ఆయన వద్ద మిగిలినది సైనికులే. బృందం ‘దేవుని గొర్రెపిల్లా, వారికి విశ్రాంతి నిమ్ము’ అని లాటిన్‌లో పాడుతుంది. మృతుల ప్రార్థనలో ఉండవలసిన మాట అదే. కాని చివర, అంతవరకు ఇంగ్లీషులోనే పాడిన గాయకుడు ఒక్కసారి లాటిన్‌లోకి మారి, మామూలు ఆరాధనలోని మాట తీసుకొని ‘మాకు సమాధానము నిమ్ము’ అంటాడు. ‘వారికి’ పోయి ‘మాకు’ వచ్చింది. కవెంట్రీ గోడ మీద ‘వీరిని’ తీసివేసిన పనే ఇక్కడ స్వరంలో జరిగింది. దూరాన ఉన్నవారికి ఈ కృతి నేర్పేది ఇదేనని మా అభిప్రాయం. శాంతి మన దగ్గర నిలువ ఉన్నట్టు, దానిని లేనివారికి పంపుతున్నట్టు ప్రార్థించడానికి వీలు లేదు.

చివరి భాగంలో చనిపోయిన సైనికుడు ఒక చీకటి సొరంగంలో మరొకడిని కలుస్తాడు. నిన్న నీవు చంపిన శత్రువును నేనే అంటాడు ఆ రెండవవాడు. మొదటి ప్రదర్శనలో ఈ మాట పాడినది ఆ జర్మన్ గాయకుడే. ఆ తరువాత ఇద్దరూ ఒకరినొకరు నిద్రకు పిలుచుకుంటారు. ఇంగ్లీషులో ఒకే మాట చెప్పే చోట మనకు రెండు మాటలున్నాయి. దేవునితో అన్నప్పుడు ‘మేము’. కాని చంపినవాడూ చచ్చినవాడూ కలిసి అనుకునేది ‘మనం’. అప్పుడు గాని బాలుర బృందంతో సహా అన్ని కంఠాలూ కలవవు.

అయినా బ్రిట్టెన్ సులభమైన ఊరట ఇవ్వలేదు. కృతి మొదటి నుంచీ గంటలు రెండు స్వరాలను మ్రోగిస్తుంటాయి. మన లెక్కలో అవి షడ్జమమూ ప్రతిమధ్యమమూ. కల్యాణిలో ప్రతిమధ్యమం పంచమం కోసం ఎదురుచూసినట్టు, ఆ జంట పొత్తు కోసం ఎదురుచూస్తూనే ఉంటుంది. మొదటి, రెండవ, ఆరవ భాగాల చివర బృందం చాలా మెల్లగా దానికి విశ్రాంతి చూపిస్తుంది. నిరీక్షణ అనే మాటకు ఇంతకంటె మంచి వ్యాఖ్యానం మేము వినలేదు.

కృతిలో లోపం లేకపోలేదు. కవెంట్రీలో బాంబులకు చనిపోయినవారిలో ఎక్కువమంది సైనికులు కారు. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేసినప్పుడు కూడా యుద్ధం ఊళ్ళ మీదికే వచ్చింది. అయితే ఇందులో ఇంగ్లీషు మాటలన్నీ సైనికులవే. స్త్రీ కంఠానికి దక్కినది లాటిన్ ప్రార్థన మాత్రమే. తల్లికి, భార్యకు తన సొంత మాట లేదు. తిక్కన సోమయాజి తెలిగించిన స్త్రీపర్వంలో గాంధారి యుద్ధభూమిలో నడుస్తూ తన కొడుకుల కోసమే గాక అభిమన్యుని కోసం కూడా శోకిస్తుంది. ఆ గొంతు ఇక్కడ లేని కొరత మన చెవికి ఇతరులకంటె ఎక్కువ తెలుస్తుంది.

ఆ కొరత ఉన్నా, ఈ కృతి వినదగినది, మళ్ళీ వినదగినది. లాటిన్, ఇంగ్లీషు మాటలు రెండూ ముందు పెట్టుకొని, గంటన్నర తీరిక చేసుకొని వినవలసిందిగా కోరుతున్నాము. పిల్లలను కూడా దగ్గర కూర్చోబెట్టుకోండి. ‘వారికి’ ఎక్కడ ‘మాకు’ అయిందో వారినే కనిపెట్టమనండి.