లోఫోటెన్‌కు మార్చిలోనే

రఘునాథపల్లి నుంచి నార్వేకు వెళ్లి ఉత్తర కాంతులు చూడాలని నాకు, సముద్రం ఒడ్డున కొండలు చూడాలని మా ఆవిడకు ఎన్నాళ్లుగానో ఉంది. మా వరంగల్ వైపు వాళ్లకు నీళ్లంటే చెరువే. సముద్రం మీద ఆమెకున్న మమకారం నాకు అర్థమవుతుంది. రెండు కోరికలూ ఒకే ప్రయాణంలో తీరాలంటే ఏ నెలలో వెళ్లాలన్నదే మా ప్లాన్‌లో అసలు సంగతి.

రాత్రి పెద్దది కదా అని చాలామంది డిసెంబరు అంటారు. కానీ ఉత్తర నార్వేలోని ట్రోమ్సోలో నవంబరు చివరి నుంచి జనవరి మధ్య దాకా సూర్యుడు ఉదయించడు. మధ్యాహ్నం కాసేపు నీలి వెలుతురు, అంతే. ఇక లోఫోటెన్ దీవుల్లో నీళ్లలోంచి నిటారుగా లేచిన కొండల్ని, కొయ్య గుంజల మీద నిలబెట్టిన ఎర్రటి జాలరి ఇళ్లను ఎప్పుడు చూడటం? వేసవిలో వెళితే రాత్రే ఉండదు. మార్చిలోనైతే పగలూ రాత్రీ దాదాపు సమానం. విషువత్తు దగ్గర్లో సౌరగాలి భూమి అయస్కాంత క్షేత్రంతో బాగా ముడిపడుతుంది కాబట్టి కాంతులు కనిపించే అవకాశం కూడా కొంత ఎక్కువ. లోఫోటెన్‌లో అప్పటికి కాడ్ చేపల వేట జోరుగా సాగుతుంటుంది. తల తీసిన చేపల్ని రెండేసి చొప్పున తోకల దగ్గర కట్టి, కొయ్య పందిళ్ల మీద వేలాడదీస్తారు. ఉప్పు రాయరు, చలిగాలికే ఎండుతాయి. మా ఆవిడ ఫొటోలో చూసి ఆగిపోయింది ఆ పందిళ్ల దగ్గరే.

చలికి భయపడేవాళ్లకు ఒక మాట. వెచ్చని సముద్ర ప్రవాహం వల్ల ఆ తీరంలో మార్చి చలి సున్నా డిగ్రీలకు అటూఇటూగా ఉంటుంది. ఇబ్బంది పెట్టేది గాలి, కాలు జారే మంచు.

కాంతుల్ని మాత్రం ఎవరూ ముందే బుక్ చేయలేరు. 2023 సెప్టెంబరు 2న మన శ్రీహరికోట నుంచి వెళ్లిన ఆదిత్య-ఎల్1 వ్యోమనౌక భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరాన ఉండి సౌరగాలిని కొలుస్తోంది. దాన్ని దాటిన గాలి మనల్ని చేరడానికి సుమారు గంట. గట్టిగా చెప్పగలిగేది ఆ గంట ముందే. 2024 మేలో వచ్చిన పెద్ద సౌర తుపానుకు లద్దాఖ్‌లోని హాన్లేలో కూడా ఆకాశం ఎర్రబడింది. అంత దూరం నుంచి చూస్తే కాంతుల పైఅంచు మాత్రమే దిగంతం మీదికి వస్తుంది. ఆ పైఅంచులో ఆక్సిజన్ ఎరుపు రంగునిస్తుంది. నూరు కిలోమీటర్ల పైచిలుకు ఎత్తులో పుట్టే ఆకుపచ్చ చూడాలంటే ఉత్తర ధ్రువం వైపు వెళ్లక తప్పదు. ట్రోమ్సో ఉన్నది కాంతుల వలయం కిందే, తుపాను లేకున్నా అక్కడ కనిపిస్తాయి. మబ్బు అడ్డం రాకుంటే చాలు.

"మబ్బే పడితే ఏం జేద్దాం?" అంది మా ఆవిడ. తొలకరి మొదటి మబ్బును నమ్మి మా ఊళ్లో ఎవరూ విత్తనమంతా వేయరు. మేమూ అంతే, ఊళ్లు తగ్గించి రాత్రులు పెంచుకున్నాం. ట్రోమ్సోలో ఎక్కువ రాత్రులు ఉంటే, తీరం మీద మబ్బు కమ్మినప్పుడు ఫిన్లండ్ సరిహద్దు వైపు లోపలికి వెళ్లొచ్చు. తీరానికి దూరమైన కొద్దీ ఆకాశం తెరిపిచ్చే అవకాశం ఎక్కువ.

నార్వేకు కావలసిన షెంజెన్ వీసాకు ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు పెట్టొచ్చు. బోడో రేవు నుంచి లోఫోటెన్‌లోని మోస్కెనెస్‌కు ఫెర్రీ మూడు గంటలకు పైనే. గాలి ఎక్కువైతే రద్దవుతుంది కూడా. అందుకని తిరుగు విమానానికి ముందు రోజు ఏ పనీ పెట్టుకోలేదు.