కాన్షస్ అండ్ కోహెరెంట్

మన ఊళ్ళ పెద్దాసుపత్రుల్లో పనిచేసినవారికి ఒక వాక్యం నిద్రలో లేపి అడిగినా వస్తుంది: "పేషెంట్ ఈజ్ కాన్షస్ అండ్ కోహెరెంట్." రోగి కడుపునొప్పితో వచ్చినా, కాలు విరిగి వచ్చినా, కేసుషీటులో పరీక్ష మొదలయ్యేది ఈ పంక్తితోనే. శుభలేఖకు శ్రీరస్తు ఎలాగో కేసుషీటుకు ఇది అలాగ. శ్రీరస్తు చదివి ఆగి ఆలోచించేవాడు ఎవడుంటాడు? దీన్నీ అంతే. రాత్రి రెండు గంటలవేళ నలభయ్యో కేసు రాస్తున్న హౌస్‌సర్జన్ చేతికి ఈ రెండు మాటలు కలంలోంచి సిరాతోపాటే దిగుతాయి. కాన్షస్ సంగతి సరే, కళ్ళు తెరిచి చూస్తున్నాడంటే తెలుస్తుంది. ఆ రెండో మాట మాటేమిటి?

కోహెరెంట్ లాటిన్ నుంచి వచ్చింది. కలిసి అంటుకొని ఉండడం దాని అర్థం. హెజిటేట్ అనేదీ ఆ వేరునుంచే పుట్టింది. మాట నోట్లో అంటుకుపోయి బయటికి రాకపోవడమన్నమాట. తెలుగులో పొందికగల, సుసంబద్ధమైన అని రాస్తుంటారు. పొందిక చక్కటి మాటే గాని సర్దిన బీరువాకూ అదే వాడతాం. పొంతనను జాతకాలవాళ్ళు పట్టుకుపోయారు. నా ఓటు "అతుకు"కే. లాటిన్‌లో అంటుకున్నదే తెలుగులో అతికింది.

పైగా మన సామెత ఒకటుంది: అబద్ధమాడినా అతికినట్టుండాలి. కోహెరెంట్ అన్న మాటకు ఇంతకంటే మంచి లక్షణం ఏ నిఘంటువులోనూ దొరకదు. అతకడం వేరు, నిజం కావడం వేరు. పక్కింటివాళ్ళు తన అన్నంలో విషం కలుపుతున్నారని నమ్మే రోగిని గంటసేపు మాట్లాడించండి. ఎప్పటినుంచి, ఎందుకు, ఏ కూరలో, అన్నిటికీ జవాబుంటుంది, ఒక్క అతుకూ ఊడదు. అతడు కోహెరెంటే. నాలుగు రోజులుగా జ్వరమని నిన్న చెప్పి, పది రోజులుగా అని ఇవాళ చెప్పేవాడి మాటలో కన్సిస్టెన్సీ లేదు, కోహెరెన్స్ ఉంది. పక్షవాతంతో నాలుక మొద్దుబారినవాడి మాట స్పష్టంగా ఉండదు, భావం మాత్రం చక్కగా అతుకుతుంది. ఈ మూడింటినీ ఒకే రోట్లో వేసి రుబ్బడం మనవాళ్ళకే కాదు, ఇంగ్లీషువాళ్ళకూ అలవాటే.

మన తార్కికులు ఇంతకంటే నిశితంగా విడదీశారు. తెలుగువాడైన అన్నంభట్టు పదిహేడో శతాబ్దంలో రాసిన తర్కసంగ్రహం, వాక్యార్థం తెలియాలంటే ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి ఉండాలంది. ఆవు, గుర్రం, మనిషి, ఏనుగు అని ఊరకే వరస చదివితే ఒక పదం ఇంకో పదాన్ని కోరదు. అక్కడ ఆకాంక్ష లేదు. నిప్పుతో తడిపాడంటే పదాలు ఒకదాన్నొకటి కోరుతున్నాయి గాని అర్థాలు పొసగవు, యోగ్యత లేదు. "ఆవును" అని ఇప్పుడని, "తీసుకురా" అని ఒక జాము గడిచాక అంటే వినేవాడికి అందదు, సన్నిధి లేదు. మానసిక వైద్యం వార్డులో ఈ మూడు తెగుళ్ళూ మంచాలమీద కనిపిస్తాయి. పదాలన్నీ కలగూరగంపగా పోసేవాడు ఒకడు, నిప్పుతో తడిపేవాడు ఒకడు, మనం అడిగి పక్కమంచం చూసి వచ్చాక జవాబు మొదలుపెట్టే తీవ్ర విషాదరోగి ఒకడు. ఇన్‌కోహెరెంట్ అని ఒక్క మాట రాసి సంతకం పెట్టినాయన ఏ ముడి తెగిందో చెప్పనట్టే లెక్క.

ఇంకో చిత్రం చూడండి. అబద్ధమంటే సంస్కృతంలో కట్టు లేనిది, అసందర్భపు మాట. తెలుగులోకొచ్చి అది బొంకై కూర్చుంది. ఈ అర్థం మారడం నిఘంటువులోనే ఆగితే నాకు పేచీ లేదు, ఇళ్ళల్లో రోజూ జరుగుతూంది. అన్నం తిన్న అరగంటకు అత్తగారు నాకెవరూ అన్నం పెట్టలేదంటారు. కోడలు అబద్ధమంటుంది, ఫోనులో విన్న కొడుకు ఎవరిని నమ్మాలో తెలియక ఇద్దరిమీదా విసుక్కుంటాడు. అక్కడ ఉన్నది సంస్కృతపు అబద్ధం, తెలుగుది కాదు. (వ్యాకరణంలో పదాలు కలిస్తే సంధి, జ్వరం తలకెక్కి మాటలు విడిపోయినా సంధే. మన భాష తమాషా అది.)

ఈ మాటలతో కోర్టులకూ పని పడింది. 1999లో ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్ళిన ఒక కేసులో, మరణవాంగ్మూలం తీసుకునేటప్పుడు రోగి కాన్షస్‌గా ఉందని డాక్టరు రాస్తే, స్పృహ ఉండడం ఒకటి, వాంగ్మూలం ఇవ్వగల మనఃస్థితి ఉండడం మరొకటి అని చెప్పి సుప్రీంకోర్టు ఆ కాగితాన్ని సరిపోదంది. మహారాష్ట్ర నుంచి వచ్చిన మరో కేసులో 2002లో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ తీర్పు మరీ సాంకేతికమంటూ తోసిపుచ్చి, రోగి మనఃస్థితి బాగుందని వాంగ్మూలం రాసుకున్న మెజిస్ట్రేటుకు నమ్మకం కుదిరితే డాక్టరు సర్టిఫికెట్ లేకపోయినా చాలునంది. రెండో తీర్పే నాకు సబబుగా తోస్తుంది. అవతలిమనిషి మాట అతుకుతున్నదా లేదా అన్నది, కూర్చుని అతని భాషలో విన్నవాడికి తెలుస్తుంది. అలవాటు చొప్పున రాసే పంక్తికి ఆ విలువ ఎక్కడిది?

అతని భాషలో అన్నాను. నా ఫిర్యాదంతా అక్కడుంది. కోహెరెంట్ అన్న మాట చెప్పినవాణ్ణి గురించి ఎంత చెబుతుందో విన్నవాణ్ణి గురించీ అంతే చెబుతుంది. కొన్నేళ్ళ కిందట ఈ దేశంలోనే ఒక ఆసుపత్రిలో జగిత్యాల వైపు కార్మికుడి కాగితంలో ఇన్‌కోహెరెంట్ అని రాసి ఉండగా చూశాను. ఆయన అంటున్నదేమిటి? "పెయ్యంత నొస్తాంది సారూ, కడుపుల దేవుతాంది." ఒళ్ళంతా నొప్పులు, వాంతి వచ్చేట్టుంది. అంతే. తోడు వచ్చినవాడు గోదావరి జిల్లా మనిషి, హిందీ కొద్దిగా వచ్చు. అతనికి పెయ్య అంటే ఆవుదూడ. అతని హిందీ దాటి డాక్టరు చెవిన పడేసరికి, రోగి తన దూడకు నొప్పిగా ఉందంటున్నాడు! రోగి మాటలో ఒక్క అతుకూ ఊడలేదు. ఊడింది దారిలో.

కోమాను అంకెల్లో కొలవడానికి 1974లో గ్లాస్గోలో ఇద్దరు వైద్యులు చేసిన కొలబద్ద ఉంది కదా, అందులో నోటి జవాబుకు అయిదు మార్కులు. తేదీ, చోటు సరిగా చెబితే అయిదు, తికమకగా చెబితే నాలుగు, విడిమాటలైతే మూడు, ఉత్త మూలుగైతే రెండు. అరబ్బీలోనో ఇంగ్లీషులోనో అడిగిన ప్రశ్నకు మనవాడు తెలుగులో గొణిగితే ఏ అంకె వెయ్యాలి? భాష అడ్డమైతే అంకె వెయ్యకుండా, పరీక్షించడం కుదరలేదని రాయాలన్నదే పద్ధతి. రాసేవారు తక్కువ. నేనడిగేది ఒక్క మాట అదనం: కోహెరెంట్, తెలుగులో. లేదా: తెలియదు, దుబాసీ దొరకలేదు.

ఈ గొడవ డాక్టర్లకే వదిలెయ్యవచ్చు గదా అంటారేమో. నేనుండే గలాలీ, ముహర్రఖ్ దీవి అంచున ఒకప్పటి చేపలవేట పల్లె, ఇప్పుడు వీధివీధినా కొత్త కట్టడాలు. కట్టేవాళ్ళలో మనవాళ్ళున్నారు, పని చూసే ఇంజనీర్లలోనూ మన పత్రిక చదివేవారున్నారు. వేసవిలో మధ్యాహ్నం 12 నుంచి 4 దాకా ఆరుబయట పని ఈ దేశంలో 2007 నుంచి నిషేధం. మొదట్లో జులై, ఆగస్టు నెలలకే ఉండేది, 2025లో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా పెంచారు. కాని వడదెబ్బ గడియారం చూసి రాదు. పదకొండింటికీ రావచ్చు. ఎండకు సొమ్మసిల్లినవాడికీ, ప్రాణం మీదికి తెచ్చుకున్నవాడికీ పైకి కనిపించే పెద్ద తేడా మాటలోనే ఉంటుంది: సొమ్మసిల్లినవాడు నీరసంగానైనా తిన్నగా జవాబిస్తాడు, రెండోవాడి మాట అతకదు. థర్మామీటరు 40 డిగ్రీలు దాటిందని చూపేలోపే చెవికి తెలిసిపోతుంది, వాడి భాష తెలిసిన చెవి అయితే. తెలియని మేస్త్రీ తాగొచ్చాడనుకొని నీడన పడుకోబెట్టి పోతాడు.

అందుకని పని చూసే తెలుగువారు చెయ్యగలిగింది ఒకటుంది. ఎవరైనా తూలినట్టు కనిపిస్తే దగ్గరికి పోయి తెలుగులో, వీలయితే వాళ్ళ జిల్లా తెలుగులో, రెండు ప్రశ్నలడగండి. పొద్దున ఏం తిన్నావు? మీ ఊరికి బస్సు ఏ ఊరి మీదుగా పోతుంది? జవాబు అతకకపోతే ఒకరు 999కి ఫోను చేస్తుండగానే ఇంకొకరు చొక్కా విప్పి, ఒళ్ళంతా చన్నీళ్ళు పొయ్యాలి. అంబులెన్సు వచ్చాక, అతడు మామూలుగా ఎలా మాట్లాడతాడో, ఇప్పుడెలా మాట్లాడుతున్నాడో వాళ్ళకు చెప్పి పంపండి.