రోహిణి దృష్టాంతం – ‘అద్దె గర్భం’ పరిభాష: ఒక పరిశీలన

సరోగసీని సమర్థించే తెలుగు ప్రసంగాలలో, వ్యాసాలలో రోహిణి ప్రస్తావన తరచుగా వస్తుంటుంది. దేవకి సప్తమ గర్భాన్ని యోగమాయ తరలించి, నందగోకులంలో ఉన్న రోహిణి కడుపున నిలిపిన భాగవత దశమస్కంధ ఘట్టాన్ని ఈ వైద్యవిధానానికి పూర్వరూపంగా చూపుతారు. సామ్యం పైకి కనిపించేంత దగ్గరిది కాదు. ఆ కథలో మోసిన స్త్రీయే తల్లి. సంకర్షణుడన్న పేరు గర్భం తరలిన తీరును తెలిపితే, రౌహిణేయుడన్న పేరు బిడ్డ ఎవరివాడో తెలుపుతుంది. 2022 జనవరి 25 నుంచి అమలులోకి వచ్చిన సరోగసీ (నియంత్రణ) చట్టం, 2021 ఇందుకు విరుద్ధంగా, పుట్టిన బిడ్డను కోరుకున్న దంపతుల జీవసంబంధ సంతానంగానే పరిగణించాలంటుంది. రోహిణిని సాక్ష్యానికి పిలిచేవారు ఆమె సాక్ష్యం ఎవరి పక్షమో చూసుకోలేదు.

కథకూ నేటి వ్యవహారానికీ నిజంగా పొంతన కుదిరే చోటు వేరే ఉంది. విష్ణువు ఆదేశం యోగమాయకు. రోహిణిని అడిగినట్లు లేదు. దైవలీలగా చదివే భక్తుడికి ఆ ప్రశ్న తోచదు, తోచనక్కరలేదు కూడా. కాని అదే ఘట్టాన్ని ఒక ఒప్పందానికి దృష్టాంతం చేసినప్పుడు ఆ మౌనమూ వెంట వస్తుంది. 2022 నాటి ‘యశోద’ చిత్రం సరోగసీ పేరిట జరిగే దోపిడీనే వస్తువుగా తీసుకుంది. అయితే అందులో ఎదురు తిరిగే కథానాయిక చివరకు మారువేషంలో ఉన్న పోలీసు అధికారిణిగా తేలుతుంది. నిజంగా పేదరాలైన స్త్రీకి ఆ గొంతు దక్కలేదు. (మోయకుండా పెంచిన తల్లి పేరును మోసే స్త్రీకి పెట్టడం కూడా ఆలోచించదగినదే.)

పత్రికలు స్థిరపరచిన ‘అద్దె గర్భం’ అన్న మాట గర్భాన్ని స్త్రీ నుంచి విడదీసి, గడువు తీరగానే ఖాళీ చేసే వసతిగా చూపుతుంది. పైగా ప్రస్తుత చట్టం ప్రకారం అద్దె నిషిద్ధం. వైద్య ఖర్చులు, నిర్దేశిత వ్యయాలు, 36 నెలల బీమా మాత్రమే అనుమతించింది. ఆ లెక్కన మాట తప్పు. అయినా దాన్ని తీసివేసి ‘పరోపకార సరోగసీ’ అన్నంతమాత్రాన చిక్కు తీరదని నా అభిప్రాయం. ‘అద్దె’ కనీసం డబ్బు సంగతి దాచదు. ‘పరోపకారం’ తోటికోడలికో ఆడపడుచుకో కాదనే వీలు లేకుండా చేయగలదు. చట్టవిరుద్ధ సరోగసీ వ్యవహారంలో, మరోలా రుజువు కానంతవరకు, భర్తో దంపతులో బంధువులో ఆమెను బలవంతపెట్టారనే న్యాయస్థానం భావించాలని చట్టం చెబుతోంది. ఇంటివారి ఒత్తిడిని చట్టం ఊహించింది, మన పరిభాష ఊహించలేదు.

తెలుగు శాఖలు తలదూర్చవలసిన చోటు ఇదే చట్టంలో ఉంది. దుష్ప్రభావాలన్నీ వివరించి, ఆమెకు అర్థమయ్యే భాషలో లిఖితపూర్వక సమ్మతి తీసుకోవాలన్నది నియమం. ‘పిండ ప్రతిస్థాపనకు పూర్వము సమ్మతిని ఉపసంహరించుకొనవచ్చును’ అని రాస్తే చట్టానికి లోటు రాదు. ‘పిండాన్ని నీ కడుపులో పెట్టేదాకా ఎప్పుడైనా వద్దనవచ్చు, పెట్టాక ఈ వీలు ఉండదు’ అని రాస్తే, మొదటి వాక్యం పైకి చెప్పని రెండో సగం సంతకానికి ముందే ఆమె చెవిన పడుతుంది.