సగటు వద్దు, గరిష్ఠం చెప్పండి

ఈ వారం ఒక కుర్ర పాఠకుడి ఉత్తరం చదివితే కడుపు నిండింది. చెక్క మీద నగిషీలు చెక్కే సీఎన్‌సీ రౌటర్‌ను పాత కంప్యూటర్ ప్రింటర్ పోర్టుకు తగిలించి, లినక్స్‌సీఎన్‌సీతో నడుపుతున్నాడు. వెనకాల బ్యాకప్ మొదలైతే చాలు, మోటార్ స్టెప్పులు తప్పుతాయి, తెర మీద రియల్‌టైమ్ ఆలస్యమంటూ హెచ్చరిక పడుతుంది. అందరూ హార్డ్ డిస్క్ మార్చమన్నారట. అతను మార్చలేదు. పెద్ద ఫైళ్లు కాపీ అవుతుండగానే లేటెన్సీ పరీక్ష రాత్రంతా నడిపి, అన్నిటికంటే పెద్ద ఆలస్యమెంతో రాసి పంపాడు. సగటు ఊసే లేదు!

సగటు కాదు, గరిష్ఠం చెప్పమన్నదే నా పాత పోరు. 25 మైక్రోసెకన్లకోసారి లేవాల్సిన పని లక్షసార్లు వేళకు లేచి, ఒక్కసారి 200 మైక్రోసెకన్లు ఆలస్యమైతే సగటు కదలదు. చెక్కుతున్న పలక పాడవడానికి ఆ ఒక్కసారి చాలు.

డిస్క్‌ను తిట్టేవాళ్లను చూస్తే ఐడీఈ రోజులు గుర్తొస్తాయి. అప్పట్లో పీఐఓ పద్ధతిలో డిస్క్ డేటాను ప్రాసెసరే మోసేది. ఆ మోత అయ్యేదాకా డ్రైవర్, గదిలోకెళ్లి గడియ పెట్టుకున్నట్టు, మిగతా ఇంటరప్ట్‌లను ఆపేసేది. ఈలోగా సీరియల్ పోర్టుకు మోడెమ్ పంపిన అక్షరాలు గల్లంతయ్యేవి. డిస్క్ సెట్టింగులు మార్చే హెచ్‌డీపార్మ్‌లో ‘యూ’ ఆప్షన్ 1 చేస్తే మెషీన్ తేరుకునేది. కొన్ని చిప్‌సెట్లతో అలా చేస్తే ఫైల్ సిస్టమే దెబ్బతింటుందని మాన్యువల్ హెచ్చరించేది కూడా. అప్పుడూ తప్పు డిస్క్‌ది కాదు, ఇంటరప్ట్‌లను అంతసేపు ఆపిన డ్రైవర్‌ది.

తర్వాత డీఎంఏ వచ్చి, ఆ మోత ప్రాసెసర్‌కు తప్పింది. 2009లో లినక్స్ 2.6.30 కెర్నెల్ ఇంటరప్ట్ పనిని థ్రెడ్‌కు అప్పగించే వీలిచ్చింది. ఇంగో మోల్నార్, థామస్ గ్లైక్స్‌నర్ లాంటివాళ్లు ఏళ్ల తరబడి మోసిన, లినక్స్‌ను రియల్‌టైమ్ పనికి మలిచే ప్రీఎంప్ట్ ఆర్‌టీ, 2024లో 6.12తో ప్రధాన కెర్నెల్‌లో చేరింది. అప్పుడు ఇక్కడ ఎంత సంబరపడ్డానో చదివినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. కెర్నెల్‌ను సరిగా మలిస్తే చాలు, వేరే హార్డ్‌వేర్ ఎందుకని ఎన్నోసార్లు వాదించాను.

ఈ కుర్రాడు ఆ కెర్నెలే వాడుతున్నాడు. రియల్‌టైమ్ పనికి ఒక కోర్ కేటాయించి, డిస్క్ ఇంటరప్ట్‌లను ఇంకో కోర్‌కు మళ్లించాడు. గరిష్ఠ ఆలస్యం 60 మైక్రోసెకన్లకు దిగింది. వెయ్యి మైక్రోసెకన్లకోసారి తిరిగే సర్వో లూప్‌కు అదొక లెక్క కాదు. అతనికి కావలసిన వేగంతో మోటార్‌కు పల్సులు పంపాలంటే మాత్రం అది చాలా ఎక్కువ. నా వాదన ఇక్కడ చెల్లదు, ఇక డ్రైవర్‌ను ఎంత సానపట్టినా లాభం లేదు. పల్సుల పని కంప్యూటర్ నుంచి తప్పించి ఎఫ్‌పీజీఏ బోర్డుకు అప్పగించాల్సిందే. కొత్త డిస్క్‌కు దాచిన డబ్బు ఆ బోర్డు మీద పెట్టమని అతనికి జవాబు రాశాను.